రెండు ఇంప్లాంట్ల మీద కింది పళ్ళ సెట్టు: క్యాపులు మూడు నెలలకే ఎందుకు అరిగిపోతున్నాయి?

కిందిసెట్టు:

నమస్కారం. అమ్మకు 68 ఏళ్ళు. కింది దవడలో కోరపళ్ళు ఉండే చోట రెండు ఇంప్లాంట్లు (ఎముకలో దించిన లోహపు స్క్రూలు), వాటి మీద లొకేటర్ రకం అబట్‌మెంట్లు (సెట్టును పట్టి ఉంచే చిన్న లోహపు తలలు), పైన తీసి పెట్టుకునే పూర్తి సెట్టు. పై దవడకు మామూలు కట్టుడు పళ్ళ సెట్టే, దానికి ఇంప్లాంట్లు లేవు. అమర్చి రెండున్నరేళ్ళయింది. మొదటి ఏడాదిన్నర ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు సెట్టు లోపల ఉండి ఆ తలలను కరుచుకునే పింక్ నైలాన్ క్యాపులు మూడు నెలలు కూడా ఆగడం లేదు. రెండింటిలో ఎడమదే ముందు వదులవుతోంది. గట్టి పట్టు కోసం పారదర్శకంగా ఉండే క్యాపులు వేయించాం. కొత్తలో సెట్టు తీయడానికి గోళ్ళు నొప్పి పుట్టాయి, నెలన్నరకల్లా కథ మళ్ళీ మొదటికొచ్చింది. దవడపళ్ళతో నమిలితే సెట్టు ముందు భాగం లేస్తోంది, తిన్నది అడుగుకి చేరుతోంది. ఈమధ్య పై సెట్టు కూడా జారుతోంది. ఇంప్లాంట్ల చుట్టూ నొప్పి గానీ వాపు గానీ లేవు.

ఇద్దరు డాక్టర్లను అడిగాం. ఒకరు రీలైన్ (సెట్టు అడుగున కొత్త పొర వేసి చిగురుకి అమరేలా చేయడం) చేస్తే చాలన్నారు. ఇంకొకరు మరో రెండు ఇంప్లాంట్లు వేసి, స్క్రూలతో బిగించే సెట్టుకి మారమన్నారు. ఏం చూసి తేల్చుకోవాలి?

ప్రాస్తో_కుర్చీ:

మీరు రాసినవాటిలో చాలావరకు ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయండీ. వెనక భాగంలో సెట్టుకీ చిగురుకీ మధ్య సందు వచ్చినట్టుంది.

రెండు ఇంప్లాంట్ల సెట్టులో నమిలే బరువును ప్రధానంగా మోసేది వెనకాల చిగురు, దాని కింది ఎముక. సెట్టు లేచిపోకుండా, పక్కకి జరగకుండా పట్టుకోవడం వరకే ఇంప్లాంట్ల పని. అమర్చేవాళ్ళలో కూడా కొందరు ఇది మరిచిపోతారు. పళ్ళు లేని కింది ఎముక ఏళ్ళ తరబడి కరుగుతూనే ఉంటుంది. ఇంప్లాంట్లున్న చోట నిలదొక్కుకుంటుంది, వాటి వెనక కుంగుతుంది. అప్పుడు రెండు ఇంప్లాంట్లను కలిపే గీత బండి ఇరుసులా తయారవుతుంది. నమిలిన ప్రతిసారీ సెట్టు వెనక దిగుతుంది, ముందు లేస్తుంది, మధ్యలో నలిగేది ఆ నైలాన్ ముక్క.

అందుకే పారదర్శక క్యాపు మీకు అక్కరకు రాలేదు. నీలం క్యాపు సుమారు 0.7 కిలోల లాగుడు వరకు పట్టి ఉంచుతుంది, పింక్ 1.4, పారదర్శకం 2.3. పట్టు పెంచినంత మాత్రాన ఊగడం ఆగదు. అదే ఊగుడు మరింత రాపిడితో జరుగుతుంది, ఆ భారం కాస్తా అబట్‌మెంట్ స్క్రూ మీదకి పోతుంది.

ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. సెట్టు పూర్తిగా కూర్చున్నాక కుడి వైపు మొదటి దవడపన్ను మీద వేలితో గట్టిగా నొక్కండి, తర్వాత ఎడమ వైపు. నొక్కినప్పుడు ముందు అంచు చిగురు నుంచి లేస్తే, లేదా రెండో వైపు పైకి తేలితే, వెనకాల ఆనిక లేనట్టే. డాక్టరు దగ్గర దీన్ని పలచటి సిలికాన్‌తో రుజువు చేస్తారు. సెట్టు లోపల పూసి, నోట్లో కూర్చోబెట్టి, గట్టిపడ్డాక తీస్తే సిలికాన్ పొర ఎక్కడ మందంగా ఉందో అక్కడ ఖాళీ ఉన్నట్టు. వెనకాల మందంగా ఉండి, నైలాన్ క్యాపులు కూర్చునే లోహపు గిన్నెల (హౌసింగ్‌ల) చుట్టూ ప్లాస్టిక్ బయటపడేంత పలచగా ఉంటే సెట్టు చిగురు మీద కాకుండా ఇంప్లాంట్ల మీద ఆనుతోందన్నమాట.

రీలైన్ చేయించేటప్పుడు రెండు విషయాలు అడగండి. ఒకటి, అచ్చు తీసేముందు నైలాన్ క్యాపులు తీసేసి నల్ల ప్రాసెసింగ్ క్యాపులు పెట్టాలి. మామూలు క్యాపుకీ గిన్నెకీ మధ్య ఉండాల్సిన చిన్న కదలికను ఆ నల్లవి కాపాడతాయి. రెండు, అచ్చు గట్టిపడేదాకా వేళ్ళు రెండు వైపులా దవడపళ్ళ మీద సమానంగా ఉండాలి. ముందు పళ్ళ మీద నొక్కిపెట్టి అచ్చు తీస్తే వెనకాల సందు అలాగే మిగిలిపోతుంది, డబ్బూ సమయమూ వృథా. సెట్టు వెనక అంచు చివరి దవడపన్ను వెనకుండే మెత్తటి గుబ్బ మీదకి కనీసం సగం దాకా ఎక్కి ఉండాలి. అది పొట్టిగా కోసేసి ఉంటే మొదట ఆ వెనక అంచు పెంచి, ఆ తర్వాతే రీలైన్.

పై సెట్టు జారడం కూడా దీనికి సంబంధించినదే. కింద ముందు భాగం ఇంప్లాంట్లతో గట్టిగా ఉంది, వెనక కుంగింది. దాంతో కొరుకుడు ముందుకి మళ్ళి, పై ముందు చిగురు నలుగుతోంది. ఇలాగే వదిలేస్తే ఆ ఎముక కరిగి, చిగురు మెత్తగా వేలాడే స్థితికి వస్తుంది. రంగు కాగితం పెట్టి నోరు మూయిస్తే గుర్తులు రెండు వైపులా దవడపళ్ళ మీదే పడాలి. ముందు పళ్ళ మీద గుర్తు పడకూడదు.

ల్యాబ్_బల్ల:

పై మాటలన్నీ నిజమే. కానీ ఎడమదే ముందు పోతోందన్నారు చూడండి, దానికి ఊగడం ఒక్కటే కారణమని నేననుకోను. తీసిన పాత క్యాపులు ఉంటే పారేయకండి, భూతద్దం కింద పెట్టి చూడండి.

పింక్ క్యాపు చిన్న బొత్తాంలా ఉంటుంది. చుట్టూ అంచు, నడిమధ్యలో పొట్టి కాడ. అబట్‌మెంట్ తల మీద ఒక గుంట ఉంటుంది. కాడ ఆ గుంటలోకి దిగుతుంది, అంచు బయట పట్టీని కరుచుకుంటుంది. పట్టు ఈ రెండు చోట్ల నుంచీ వస్తుంది. అంచు చుట్టూ సమానంగా నున్నబడితే అది వాడకం అరుగుదల. ఒక పక్కే చెక్కేసినట్టుంటే ఆ ఇంప్లాంట్ వాలి ఉంది, లేదా సెట్టు రోజూ ఒక మూల నుంచే తీస్తున్నారు. కాడ చితికిపోయినా వంగినా గుంటలో ఏదో అడ్డం ఉంది, లేకపోతే సెట్టును కొరికి కూర్చోబెడుతున్నారు.

వాలు సంగతి: నీలం, పింక్, పారదర్శకం ఒక్కో ఇంప్లాంట్‌కి 10 డిగ్రీల వాలు వరకే, అంటే రెండింటి మధ్య తేడా 20 డిగ్రీలు దాటకూడదు. అంతకు మించితే కాడ లేని ఎరుపు, ఆకుపచ్చ రకాలు ఉన్నాయి, అవి రెండింటి మధ్య 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి. ఎరుపుది తక్కువ పట్టు, ఆకుపచ్చది ఎక్కువ. ఇవి పాత లొకేటర్ లెక్కలు. అదే కంపెనీ కొత్త నమూనాకి క్యాపులు వేరే, ఒకదానివి ఇంకొకదానికి పట్టవు. మీ దగ్గరున్నది ఏదో ఇంప్లాంట్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డులో చూసుకోండి.

ఇంకోటి. అబట్‌మెంట్ తల బంగారు రంగులో ఉంటుంది, అది టైటానియం నైట్రైడ్ పూత. దాని పక్కన బూడిద రంగు చార కనిపిస్తే పూత అరిగిపోయిందని అర్థం. అరిగిన తల మీద ఎన్ని కొత్త క్యాపులు వేసినా నిలవవు. అబట్‌మెంటే మార్చి 30 న్యూటన్ సెంటీమీటర్లకి టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి. చేత్తో బిగిస్తే అందులో సగం కూడా రాదు, తర్వాత అదే వదులై ఊగుతుంది. కొత్తది ఎంచేటప్పుడు మెడ ఎత్తు చూడాలి. పట్టీ మొత్తం చిగురు పైకి తేలి ఉండాలి. చిగురు తల అంచు మీదకి ఎక్కితే క్యాపుకీ తలకీ మధ్య నలుగుతుంది. మనిషికి అది పుండులా తెలుస్తుంది, డాక్టరుకేమో క్యాపు సరిగ్గా దిగనట్టు కనిపిస్తుంది.

గిన్నెల్ని సెట్టులో అంటించే పని నోట్లోనే చేస్తే ఎక్కువగా చెడేది కూడా చెప్తాను, రీలైన్ తర్వాత మీకు అది పడొచ్చు. గిన్నె కోసం సెట్టులో తవ్విన గుంట గిన్నెకి ఏ వైపూ తగలకూడదు. తగిలితే సెట్టు చిగురు మీద కూర్చోకముందే గిన్నె మీద ఆగిపోతుంది. తెల్ల రింగు అబట్‌మెంట్ మెడకి తప్పకుండా పెట్టాలి. అది మరిచిపోతే ఆక్రిలిక్ మెడ కిందికి పాకి గట్టిపడి, సెట్టు నోట్లోనే ఇరుక్కుపోతుంది. ఆ తర్వాత కోసి తీయడమే. నాలుక వైపు ఒక చిన్న రంధ్రం వేస్తే ఎక్కువైన ఆక్రిలిక్ అందులోంచి బయటికొస్తుంది. గట్టిపడేదాకా పళ్ళు తేలిగ్గా తగిలించి ఉంచమనాలి, గట్టిగా కొరకమంటే చిగురు నొక్కుకుపోయిన స్థితిలో గిన్నె అతుక్కుంటుంది, నోరు తెరిచాక సెట్టు పైకి తేలుతుంది. గిన్నె చుట్టూ ఆక్రిలిక్ 2 మిల్లీమీటర్లయినా లేకపోతే సెట్టు అక్కడే పగులుతుంది. ఇప్పటికే సన్నటి గీత కనిపిస్తే లోపల కోబాల్ట్ క్రోమ్ జాలీ వేయించుకోండి, ఊరికే అతికించి వదిలేయొద్దు.

కిందిసెట్టు:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. చూశాను. కుడి వైపు నొక్కితే ముందు అంచు స్పష్టంగా లేస్తోంది, ఎడమ వైపు నొక్కితే కొంచెమే. ఎడమ క్యాపులో కాడ ఒక పక్కకి వంగి ఉంది. ఎడమ అబట్‌మెంట్ గుంటలో తెల్లగా రాయిలా గట్టిపడ్డ పదార్థం ఉంది, బ్రష్‌తో రాలేదు. బూడిద చార కూడా ఉన్నట్టే ఉంది, నాకు ఖాయంగా తెలియడం లేదు. అమ్మ సెట్టు పెట్టుకునేటప్పుడు కొరికే కూర్చోబెడుతుంది, 'టక్' మని చప్పుడొస్తే సరిపోయిందని చెప్పారట. రాత్రిళ్ళు బ్లీచ్ కలిపిన నీళ్ళలో నానబెడుతుంది. వాడే మందుల్లో ఎముకల కోసం వారానికొక అలెండ్రోనేట్ మాత్ర, షుగర్ మాత్ర ఉన్నాయి.

చిగురు_సంగతి:

బ్లీచ్ ఈ రోజే ఆపండి. సోడియం హైపోక్లోరైట్‌లో రోజూ నానితే లొకేటర్ నైలాన్ పట్టు పడిపోతుంది, లోహపు భాగాలకీ మంచిది కాదు. పింక్ క్యాపు త్వరగా వదులవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. సెట్టు తీశాక మెత్తటి డెంచర్ బ్రష్, వంటపాత్రలు కడిగే సబ్బు చుక్కతో తోమండి. టూత్‌పేస్ట్ ఆక్రిలిక్‌ని గీరేస్తుంది, ఆ గీతల్లోనే పాచి పడుతుంది. రాత్రి మామూలు నీళ్ళలో, లేదా బుడగలొచ్చే డెంచర్ మాత్ర వేసిన నీళ్ళలో పెట్టండి. వేడి నీళ్ళయితే సెట్టు వంకర పోతుంది, పొడిగా వదిలినా అంతే. రాత్రంతా నోట్లో ఉంచుకోకూడదు, చిగురుకి గాలి, లాలాజలం ఆడాలి.

సెట్టు అంటించుకునే పేస్టు గానీ పొడి గానీ వాడుతుంటే అవి కూడా మానేయాలి. అవి ఆ గుంటలోకే పోయి గట్టిపడతాయి.

గుంటలోని రాయి గార. పిన్నుతో, సూదితో గీకకండి, పూత పోతుంది. క్లినిక్‌లో టైటానియం లేదా ప్లాస్టిక్ కొనలతో తీస్తారు. ఇకమీదట రోజూ రాత్రి ఒకే కుచ్చు ఉండే చిన్న బ్రష్‌ని నిలువుగా పట్టుకుని గుంటలో నాలుగు సార్లు తిప్పండి. తర్వాత అబట్‌మెంట్ మెడ చుట్టూ, చిగురు కలిసే గీత దగ్గర. నాలుక వైపు అందకపోతే అద్దం ముందు కూర్చోబెట్టి మీరే చూపించండి. మరిచిపోయేది ఎప్పుడూ ఆ వైపే.

కొరికి కూర్చోబెట్టడం గురించి: వేళ్ళతో రెండు వైపులా ఒకేసారి, రెండు ఇంప్లాంట్ల సరిగ్గా పైన నొక్కాలి. కొరికితే ముందు ఒక వైపు దిగుతుంది, రెండోది వంకరగా గుంటలోకి గుచ్చుకుంటుంది. మీరు చూసిన వంగిన కాడకి కారణం అదే కావచ్చు. తీసేటప్పుడు కూడా రెండు బొటనవేళ్ళు రెండు పక్కల అంచుల కింద పెట్టి ఒకేసారి పైకి ఎత్తాలి.

నొప్పి లేదని ఇంప్లాంట్లు బాగున్నాయని అనుకోవద్దు. చుట్టూ ఎముక కరుగుతున్నా చాలాకాలం నొప్పి రాదు. డాక్టరు చిగురు లోతు కొలిచి, రక్తం వస్తోందా చూసి, ఎక్స్‌రేని సెట్టు పెట్టిన రోజుల నాటి ఎక్స్‌రేతో పోల్చాలి. పాతది లేకపోతే 2018లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం లోతు 6 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ, కొలిస్తే రక్తం లేదా చీము, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ తగ్గి ఉండటం, ఇవన్నీ కలిస్తే పెరిఇంప్లాంటైటిస్ (ఇంప్లాంట్ చుట్టూ వాపుతో ఎముక కరిగే జబ్బు) అంటారు. చిగురు మాత్రమే ఎర్రబడి రక్తం వస్తుంటే అది ఇంకా వెనక్కి మళ్ళించగల దశ. అబట్‌మెంట్ కదిలితే ఇంప్లాంట్ పోయిందని కంగారు పడకండి, ముందు స్క్రూ బిగించి చూస్తారు. బిగించాక కూడా ఇంప్లాంటే కదిలితే మాత్రం దాన్ని నిలబెట్టలేం.

సర్జరీ_గది:

నలుగురు నాలుగు సమస్యలు చెప్పినా అవన్నీ సరిచేయగలిగినవే. ఇవి తేలకముందు కొత్త ఇంప్లాంట్ల మాట ఎత్తడం నాకు నచ్చదు. కింది దవడకు రెండు ఇంప్లాంట్ల సెట్టే మొదటి ఎంపిక కావాలని 2002లో మెక్‌గిల్, 2009లో యార్క్ పేర్లతో వచ్చిన దంత నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటనలు చెప్పాయి. అది తక్కువ రకం చికిత్స ఏమీ కాదు.

స్థిరమైన సెట్టుకి మారమన్న డాక్టరును కూడా తప్పు పట్టలేను. సెట్టు పూర్తిగా ఇంప్లాంట్ల మీదే నిలబడితే వెనక చిగురు కుంగినా ఊగదు. కానీ అడగాల్సినవి ఉన్నాయి. వెనక రెండు ఇంప్లాంట్లు ఎక్కడ పడతాయి? కింది దవడలో నరం పోయే కాలువ పైన ఎంత ఎముక మిగిలిందో సీబీసీటీ స్కాన్‌లో (దవడను మూడు కొలతల్లో చూపే ఎక్స్‌రేలో) కొలవాలి. ఇంప్లాంట్ కొనకీ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి. ఎముక వెడల్పు కూడా ఇంప్లాంట్ వ్యాసం కన్నా అటూ ఇటూ మిల్లీమీటరుకి తగ్గకుండా ఎక్కువ ఉండాలి. వెనక ఎత్తు లేకపోతే ఇంప్లాంట్లను 30 నుంచి 45 డిగ్రీలు వాల్చి నరం ముందే ఆపేస్తారు, నాలుగు ఇంప్లాంట్ల స్థిరమైన సెట్టు కిటుకు అదే. కానీ మీ అమ్మగారికి కోరపళ్ళ చోట ఇప్పటికే రెండున్నాయి, వాల్చిన ఇంప్లాంట్లు వాటికి అడ్డం రాకుండా దిగుతాయా అన్నది స్కాన్ చూసే చెప్పాలి. మధ్యలో మూడోది వేస్తే ముందు లేవకుండా పట్టుకుంటుంది, కానీ వెనక కుంగడం మాత్రం ఆగదు, అరిగే క్యాపులు రెండు బదులు మూడవుతాయి.

రెండోది చోటు. చిగురు నుంచి పళ్ళ కొన దాకా లొకేటర్ సెట్టుకి 9 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు సరిపోతుంది, కడ్డీ మీద క్లిప్పులతో ఆగే సెట్టుకి 12 పైన, స్క్రూలతో బిగించే ఆక్రిలిక్ సెట్టుకి 15 దగ్గర కావాలి. లేని చోట బలవంతంగా దూర్చితే పళ్ళు ఊడొస్తాయి.

మూడోది రోజువారీ జీవితం. స్థిరమైన సెట్టును ఇంట్లో తీయలేరు. దాని అడుగున నోట్లోనే నీటి జెట్టుతో, స్పాంజి దారంతో శుభ్రం చేయాలి. చేతులు వణికినా, చూపు తగ్గినా ఆ పని సాగదు. అప్పుడు తీసి కడిగే సెట్టే మేలు.

అలెండ్రోనేట్ సంగతి మొదటి రోజే చెప్పండి. ఎన్నేళ్ళుగా వాడుతున్నారో కూడా. జొలెడ్రోనిక్ ఇంజెక్షన్‌తో పోలిస్తే మాత్రతో దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం చాలా తక్కువ, కానీ లేకపోలేదు, ఏళ్ళు గడిచే కొద్దీ పెరుగుతుంది. రీలైన్‌కి, క్యాపులకి, అబట్‌మెంట్ మార్చడానికి అది అడ్డు కాదు, ఎముక కోయం కాబట్టి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఎవరైనా ఆరు నెలల ఇంజెక్షన్, అంటే డెనోసుమాబ్ మీద ఉంటే మరీ జాగ్రత్త, అది హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. షుగర్‌కి మూడు నెలల సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేయించి రిపోర్టు చేత్తో పట్టుకెళ్ళండి.

ప్రాస్తో_కుర్చీ:

అయితే వరుస ఇలా పెట్టుకోండి. ముందు గార తీయించి, లోతు కొలతలు, ఎక్స్‌రే. అదే రోజు అబట్‌మెంట్ తలని లూపుతో (కళ్ళకి పెట్టుకునే భూతద్దంతో) చూడమనండి. చార నిజమైతే ఎడమది మార్చాలి, రెండూ ఒకే వయసువి కాబట్టి కుడిదీ చూడాలి. ఆ తర్వాతే రీలైన్, ఎందుకంటే పాత తలల మీద అచ్చు తీసి తర్వాత వేరే మెడ ఎత్తున్న అబట్‌మెంట్ వేస్తే గిన్నెల స్థానం మళ్ళీ మారుతుంది. రీలైన్ అయ్యాక కొరుకుడు సరిచేయించి, పై సెట్టు అప్పటికీ జారితే దానికీ రీలైన్. దవడపళ్ళు బల్లపరుపుగా అరిగి, నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకి దగ్గరైనట్టు కనిపిస్తే మాత్రం రీలైన్‌తో ఆగకుండా రెండు సెట్లూ కొత్తవి చేయించడమే సబబు. ఆ స్థితిలో ఉన్నదాన్ని అతుకులు వేస్తూ పోవడం నాకు నచ్చని పని.

రీలైన్ బాగా కుదిరి, బ్లీచ్ మానేసి, కొరకడం మానేశాక కూడా ఆరు నెలల్లోపే క్యాపులు పోతుంటే అప్పుడు స్కాన్ తీయించి అదనపు ఇంప్లాంట్ల గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.

కిందిసెట్టు:

అర్థమైందండీ. ఒక్క చివరి సందేహం. రీలైన్ అయిన రోజు ఏ రంగు క్యాపు వేయమనాలి? అమ్మకి గట్టిదే కావాలని ఉంది.

ల్యాబ్_బల్ల:

నీలం. నల్లవి తీసేసి రెండు వైపులా నీలమే వేయమనండి, ఒకటి నీలం ఒకటి పింక్ కలపొద్దు, ఒక వైపు ముందు ఊడి రెండోది మెలిపడుతుంది. సెట్టు చిగురు మీద సరిగ్గా కూర్చుంటే నీలంతోనే నమలగలరు. రెండు వారాలు వాడి, నోరు బాగా తెరిచినప్పుడు లేస్తోందనిపిస్తే అప్పుడు పింక్. పారదర్శకం జోలికి పోవద్దు, మీ అమ్మగారి వేళ్ళతో ఆమే తీయగలగాలి కదా. మార్చేటప్పుడు పాత క్యాపు తీసే పని దానికున్న పరికరంతోనే జరగాలి. కొన నిటారుగా క్యాపు లోపలికి దించి, కొంచెం వాల్చి అంచుని పట్టుకుని బయటికి లాగుతారు. కత్తి కొనతో పెరికితే గిన్నె లోపల గీత పడుతుంది, తర్వాత వేసిన ప్రతి క్యాపూ ఆ గీత దగ్గరే పైకి లేచి ఉంటుంది.